వేపమొక్కలకు మొదటి జాతర

మబ్బు లేని ఆకాశం కింద తుంపర పడడం నేను చూశాను. తిరుపతిలో, ఆసుపత్రి ముందు రోడ్డులో, మిట్టమధ్యాహ్నం. చేతిమీద పడితే చల్లగా లేదు, జిగటగా ఉంది. పెదవికి తగిలితే కాస్త తియ్యగా ఉంది. తల ఎత్తి చూస్తే కొమ్మల సందుల్లో ఎండ, ఎండలో మెరుస్తూ దిగివస్తున్న సన్నని చినుకులు, వాటి వెనక ఎప్పటిలాగే నీలంగా కొండ. నిలబడే నిద్రపోయానేమో అనుకున్నాను.

చెట్ల పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా నా దగ్గర కూర్చుని పాత సంగతులు చెప్పమంటే నేను ఈ తుంపర దగ్గరే మొదలుపెడతాను. అది వాన కాదు. కంటికి సరిగా ఆనని పురుగులు, లెక్కకు అందనన్ని, చెట్టు రసం తాగి విడిచిన బంక.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. నేను ఊరి తోటల శాఖ నర్సరీలో కూలిదాన్ని. సంచుల్లో మట్టి నింపడం, విత్తనం వేయడం, రోడ్ల పక్కన నాటిన మొక్కలకు నీళ్లు పోయడం మా పని. ఆ రోడ్డు పొడవునా సుబాబుల్ చెట్లు ఉండేవి. ఆ కాలంలో ఏ ఊరు పోయినా అవే. తొందరగా పెరుగుతాయి, నీళ్లు అడగవు, ఆకు మేకలకు మేత, కొమ్మ పొయ్యికి కట్టె. మేం నాటినవి నాలుగు వానలు చూశాయో లేదో మేడ ఎత్తుకు పోయాయి.

పల్లెల నుంచి రోగుల వెంట వచ్చేవాళ్లందరికీ ఆసుపత్రి లోపల చోటు ఉండదు. ఆ చెట్ల కిందే మూటలు దించుకుని, మూడు రాళ్లు పెట్టి గంజి కాచుకుని, లోపలి నుంచి ఎవరు ఏ కబురు తెస్తారోనని తలుపు వైపు చూస్తూ కూర్చునేవాళ్లు. మా అమ్మను చేర్చినప్పుడు నేనూ అక్కడ కూర్చున్నదాన్నే. అప్పటికి ఆ రోడ్డులో చెట్లు లేవు. గోడ నీడ జరిగిన కొద్దీ నేనూ జరుగుతూ, కొంగు తలమీద పట్టుకుని, ఆ ఎండలోనే అమ్మ పోయిందన్న మాట విన్నాను. తరువాత నాకు నర్సరీలో పని దొరికి, మొదటిసారి మొక్కలు నాటింది ఆ రోడ్డులోనే కావడం నా అదృష్టం అనుకునేదాన్ని.

మా గుంపుకు మేస్త్రి ఒకడు ఉండేవాడు. వయసు మళ్లినవాడు, గొడ్డలి పనిలో దిట్ట, నోరు విప్పితే నవ్వించే మనిషి. గుంపులో అందరికంటే పెద్ద ఆడమనిషిని మేమంతా అక్కా అనే పిలిచేవాళ్లం. ఆమె మేకలు సాకేది. సాయంత్రం పని దిగగానే సుబాబుల్ మండలు మోపు కట్టుకుని నెత్తిన పెట్టుకుని పోయేది. పురుగు సంగతి మొదట కనిపెట్టింది ఆమె మేకలే.

"ఏందో మే, నా మేకలు ఈ ఆకు వాసన సూసి మొగం తిప్పుకుంటా ఉండాయి," అంది ఒకరోజు. "కొత్త కోడలు అత్తగారింటి కూడు సూసినట్టు."

మేస్త్రి ఒక మండ వంచి చూశాడు. లేత చిగుళ్ల మీద పసుపుపచ్చటి పిండి చల్లినట్టుంది. ఊదితే ఆ పిండి లేచి ఎగిరింది.

"సెట్టుకు పేలు పడినాయి," అన్నాడు.

"నీ తలకాయ ఆనించినావేమో సూసుకో."

"నా తలలో ఎంటికలే లేవు కదమ్మీ. పేలు యాడ కూర్చుంటాయి?"

మా తోటల ఆఫీసరు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. చెట్టును చూస్తే చెప్పులు విప్పి దగ్గరికి వెళ్లే రకం. ఆయన మండను భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసి, మమ్మల్నందరినీ పిలిచి ఒక్కొక్కరికీ చూపించాడు. అద్దంలో ఆ పురుగులు మిడతల్లాగా, రెక్కలు ముడుచుకుని, తల కిందికి వంచుకుని, పాలు తాగే దూడల్లాగా వరసగా ఉన్నాయి. నాకు అసహ్యం వేయలేదు. అంత చిన్నదాంట్లో అంత లోకం ఉందా అని చూస్తూ ఉండిపోయాను.

"ఇది మన దేశపు పురుగు కాదమ్మా," అన్నాడాయన. "సముద్రాల అవతల సుబాబుల్ ఎక్కడ పుట్టిందో ఇదీ అక్కడే పుట్టింది. అక్కడ దీన్ని తినేవి ఉన్నాయి. ఇక్కడ లేవు. మనం చూస్తే ఊరంతా ఒకే చెట్టు నాటి పెట్టాం. దానికి విస్తరి వేసి పిలిచినట్టయింది."

"సుట్టం ముందొచ్చి, సుట్టం ఆకలి యనకాల వొచ్చినట్టుండాది సార్," అంది అక్క.

మందు కొడదామంటే కింద జనం గంజి కాచుకుంటున్నారు, పసిపిల్లలు పడుకుని ఉన్నారు. కాబట్టి పురుగు పట్టిన చివర్లన్నీ నరికి కాల్చేయమని పై నుంచి చెప్పారు. నరికాం. పొగ మూడు వీధుల అవతలికి పోయింది. రోడ్డు కొన్నాళ్లు శుభ్రంగా కనిపించింది. చెట్టును నరికితే చెట్టు ఊరుకుంటుందా, ప్రతి మోడు నుంచీ గుత్తులు గుత్తులుగా చిగురు తోసింది. ఆ పురుగుకు కావలసింది సరిగ్గా ఆ లేత చిగురే. మేం దానికి పంట పండించి పెట్టాం. ఈసారి రెండింతలు దిగింది. మళ్లీ నరికాం, మళ్లీ చిగురు, మళ్లీ పురుగు. ఆకులు మాడి రాలాయి. కారిన బంక మీద మసి లాంటి బూజు పట్టి మానులు నల్లబడ్డాయి. నేను చూసిన తుంపర అప్పటిదే. కింద కూర్చునేవాళ్ల జుట్టూ చీరలూ అతుక్కుపోయేవి. ఒక ముసలాయన తుండు దులుపుకుంటూ, ఈ ఊళ్లో చెట్లు కూడా ఏడుస్తాయా అని నన్ను అడిగాడు.

చివరికి కొట్టేయమన్నారు. కొన్నాళ్లు ఆగి ఉంటే తేరుకునేవేమో. తరువాత కొన్ని చోట్ల తేరుకున్నాయి కూడా. కానీ ఆసుపత్రి వాకిట్లో, రోగుల నెత్తిన, ఎండు కొమ్మలు విరిగి పడుతుంటే ఎవరు ఆగమంటారు. మేస్త్రి ఒక్కో చెట్టుకు దణ్ణం పెట్టి గొడ్డలి ఎత్తాడు. అన్నీ పడిపోయిన సాయంత్రం రోడ్డు మధ్యలో నిలబడితే ఆసుపత్రి ముందుకు నడిచి వచ్చినట్టు, కొండ దగ్గరికి జరిగినట్టు అనిపించింది. వెలుతురు ఎక్కువైపోయి ఎవరి ముఖమూ ఎవరికీ సరిగా కనపడలేదు.

మళ్లీ నాటడానికి ఆఫీసరు నాలుగు రకాలు కలిపి వేద్దామన్నాడు. వేప, కానుగ, నేరేడు, రావి. నర్సరీకి వచ్చి చూస్తే ఎత్తు ఎదిగినవి వేపమొక్కలే. మిగతావి మోకాళ్లు కూడా దాటలేదు. సరే, ఈ ఏడు వేపే అన్నాం. వేప వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. మన చెట్టు, పురుగు పట్టదు, గాలి మంచిది అని అందరం సంతోషించాం. చిరుచలిలో గుంతలు తవ్వి నాటాం. పాత తారు డ్రమ్ములు నిలువుగా కోసి చుట్టూ కంచె నిలిపాం. డ్రమ్ములు చాలని చోట ముళ్లకంప కట్టాం.

అప్పుడే ఆఫీసరు ఒక సంగతి చెప్పాడు. చెప్పేటప్పుడు మా ముఖాలు చూడలేదు.

"ఈ స్థలం టీ బంకులు, కిళ్లీ బంకులు పెట్టుకోవడానికి ఇమ్మని చాలామంది అడుగుతున్నారు. పైవాళ్లు ఒక మాట అన్నారు. ఎండాకాలం దాటి మొక్కలు నిలిస్తే రోడ్డు పక్క చెట్లకే. నిలవకపోతే బంకులకు ఇచ్చేస్తారు. మళ్లీ నాటే పని లేదు."

నేను ఆ రాత్రి ఏమీ తినలేదు. బంకు కింద మూట పెట్టుకుని కూర్చోనిస్తారా ఎవరైనా?

ఎండలు ముదిరాయి. ట్యాంకరు రాని రోజు బోరింగు కొట్టుకుని బిందెలతో మోశాం. వేపమొక్కలు మా రెక్కల కష్టానికి బాకీ ఉంచుకోలేదు. మాఘం పోయేసరికి పాత ఆకు రాల్చి, చైత్రంలో రాగి రంగు చిగురు తొడిగాయి. పొద్దున్నే ఎండ ఆ చిగుళ్లలోంచి పడితే రోడ్డు అంచున ఎవరో వరసగా చిన్న చిన్న దీపాలు పట్టుకుని నిలబడ్డట్టు ఉండేది. అన్నీ మా భుజాల ఎత్తే. నీళ్లు పోస్తూ నడిచిపోతుంటే పక్కన పిల్లలు నడుస్తున్నట్టే ఉండేది.

ఒక సాయంత్రం అలా నీళ్లు పోస్తుంటే దూరంగా డప్పు వినిపించింది. గంగమ్మ జాతరకు చాటింపు. ఆ డప్పు విన్నాక ఊరి వాళ్లెవరూ ఊరు విడిచి పోకూడదు, జాతర అయ్యేదాకా పొలిమేర దాటకూడదు. మేం అలవాటుగా బిందెలు దించి చేతులు జోడించాం. మేస్త్రి చేతులు జోడించినవాడు అలాగే రోడ్డు అంచున కూలబడ్డాడు.

"అమ్మీ, మనం ఏం సెట్టు నాటినాం?"

"వేప," అన్నాను.

"ఏ ఊర్లో నాటినాం?"

అక్క బిందె వంగి నీళ్లు ఆమె కాళ్ల మీదుగా పోతున్నాయి. ఆమె చూసుకోలేదు.

ఈ ఊరు ఎరగని వాళ్లకు చెప్పాలి. జాతర వారంలో ఇక్కడ వేపాకు లేకుండా ఏదీ జరగదు. గడపకు వేపాకు, కుండకు వేపాకు, నడుముకు, కొప్పుకు, బండి చక్రానికి వేపాకు. రోజుకొక వేషం కట్టి జనం గుడికి పోతారు, ఆ వేషాలన్నిటికీ వేపాకు. చేతికి అందే ఎత్తులో ఉన్న ఏ వేపచెట్టుకూ ఆ వారం ఆకు మిగలదు. నడక వచ్చినప్పటి నుంచీ ప్రతి ఏడూ మేమందరం వేపకొమ్మలు విరిచినవాళ్లమే. అలాంటి మేమే ఊరి నడిబొడ్డున, సరిగ్గా చేతికి అందే ఎత్తులో, రోడ్డు పొడవునా వేపాకు పెంచి పెట్టాం. ఒక్కరికీ తట్టలేదు. ఆఫీసరుకు తెలియదంటే ఆయన కొత్త. మేం ఎవరికి చెప్పుకోవాలి?

ఆఫీసరు విని పోలీసులను పెట్టిద్దాం అన్నాడు.

"జాతర్లో పోలీసోళ్లు కూడా జేబులో వేపాకు పెట్టుకుంటారు సార్," అన్నాడు మేస్త్రి.

అయితే బోర్డులు అన్నాడాయన. ఆకు తెంపరాదు అని తెల్లరంగుతో రాయించి పంపాడు. మేం కట్టాం. మా గుంపులో ఒక్కరికీ అక్షరం రాదు. నల్ల రేకు మీద తెల్ల గీతలు, అంతే. ఆఫీసరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. సగం బోర్డులు తలకిందులు. అక్షరానికి తల ఎటో కాళ్లెటో నాకు ఎన్నో ఏళ్ల తరువాత రాత్రి బడిలో గాని తెలియలేదు. మేస్త్రి మాత్రం చలించలేదు.

"ఎట్లుంటే ఏం సార్. సదివేవాడు తెంపడు, తెంపేవాడు సదవడు."

ఆఫీసరు పోయాక మేస్త్రి బీడీ పారేసి లేచి, "నా మొక్కు ఈడనే మొదులుపెడతా," అన్నాడు.

చిన్నప్పుడు ఆయనకు అమ్మవారు పోసి చావుదాకా పోతే వాళ్లమ్మ మొక్కుకుందట. బతికినంత కాలం జాతరలో ఒకరోజు తోటి వేషం కడతాడని. ఒంటినిండా బొగ్గుపొడి పూసుకుని, నడుముకూ మెడకూ వేపాకు చుట్టుకునే వేషం అది. ఆ వేషంలో ఉన్నవాళ్లు ఎవరినైనా తిట్టవచ్చు. ఎంత పెద్దవాడైనా ఆ తిట్టు నవ్వుతూ తిని, చేతులు జోడించి పోవాలి. ఆ రోజు ఆ నోరు అమ్మది. పొద్దుగూకేలోగా ఒంటిమీది ఆకుతో గుడి చేరితే మొక్కు చెల్లినట్టు.

"రోడ్డు మింద నిలబడి తిడతా. తిట్టి ఊరికే పంపిస్తే మల్లా యనక్కి వొస్తారు. సేతిలో ఆకు పెట్టి పంపియ్యల్ల," అన్నాడు. "నర్సరీలో ముసిలి వేపలు ఉండాయి కదా. తెల్లారేలోగా కోసి బండ్లో ఏసుకొని రాండి."

తోటి వేషం రోజున ఆకాశం తెల్లబడకముందే మేం కొక్కెం కట్టిన పొడుగాటి దోట్లతో ముసలి వేపల మండలు లాగాం. నర్సరీ అంతా చేదు వాసన. కట్టలు కట్టి బండి నిండా వేసుకుని ఆ రోడ్డుకు వచ్చేసరికి మేస్త్రి అక్కడ ఉన్నాడు. మేం ఆయన్ని గుర్తుపట్టలేదు. నల్లటి నలుపులో రెండు కళ్లు, మెడ నుంచి మోకాళ్ల దాకా ఆకుపచ్చ. కదిలితే ఆకులు గలగలమన్నాయి. ఆ పక్కనే రాగి చిగుళ్ల మొక్కలు. వాటిలో ఒకటి పెద్దదై గుంతలోంచి నడిచి వచ్చినట్టున్నాడు.

ఇక ఆ రోజు నాకు కల మాదిరే జ్ఞాపకం. నాలుగు దిక్కులా డప్పులు. ఎండకు తారు మెత్తబడి పాదాలు అంటుకుంటున్నాయి. నల్లటి మనుషులు, పసుపు మనుషులు, చీర కట్టుకున్న మగవాళ్లు, ఒకరి వెనక ఒకరు, ఎండమావిలో ఈదుతున్నట్టు వస్తున్నారు. ఎవరో ఒక మొక్క మీదికి చేయి చాస్తారు. గలగలమని ఆకుల చప్పుడు, వెంటనే మేస్త్రి గొంతు.

"ఏరా గుమ్మడికాయ కడుపోడా, నీ బిడ్డ జుట్టు ఎవుడైనా ఇట్నే పట్టుకొని పీకితే గమ్మునుంటావా? ఆ సెయ్యి తియ్యి. ఇద్దో, ఈ ఆకు పట్టుకొని పో. మల్లా ఈ రోడ్డులో కనబడితే నీ పంచె ఊడబెరికి ఈ సెట్టుకు కడతా."

ఆ గుమ్మడికాయ కడుపాయన ఊళ్లో పెద్ద బట్టల వ్యాపారి. ఆయన చెంపలు వేసుకుని, నేను ఇచ్చిన కట్ట కళ్లకద్దుకుని పోయాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తిట్లు వినడానికే కొందరు ఆగారు. తిట్టించుకుని ఆకు తీసుకుంటే మంచిదని ఎవరో అన్నారు. దాంతో వరస కట్టారు. అక్కడే మా అంచనా తప్పింది. రెండు గంటలకు బండి ఖాళీ.

మళ్లీ నర్సరీకి పోయి కోసుకురావడానికి వీల్లేదు. రోడ్లన్నీ జనం. బండి కదలదు. చేతులు మళ్లీ మొక్కల వైపు వస్తున్నాయి. మేస్త్రి మెడలోంచి ఒక మండ లాగి ఎదురుగా ఉన్నవాడి చేతిలో పెట్టాడు. ఇంకొకడికి ఇంకొకటి. తిడుతున్నాడు, ఇస్తున్నాడు. చూస్తుండగానే మెడ ఖాళీ అయింది. వీపు ఖాళీ అయింది.

"సూడు మేస్త్రీ, పురుగు పట్టిన సుబాబుల్ మాదిరి అయిపోయినావు," అంది అక్క.

"నువ్వు ఇంగ నీ మేకలను తోలుకొని రా. ఈ రవ్వంత ఆకు ఎందుకు మిగలల్ల."

పొద్దు వాలుతున్న వేళ ఆసుపత్రి వైపు నుంచి ఒక పల్లెటూరి మనిషి వచ్చింది. చంకలో బిడ్డ. బిడ్డ ఒళ్లంతా పొక్కులు, ఆటలమ్మ. ఆమె ఎవరినీ చూడలేదు, డప్పులు వినలేదు. నేరుగా ఒక మొక్క దగ్గరికి పోయి డ్రమ్ము మీదుగా చేయి పెట్టింది. బిడ్డను వేపాకు మీద పడుకోబెట్టాలని ఆమె తొందర. నేను ఆపడానికి రెండడుగులు వేసి ఆగాను. ఏమని చెప్పాలి? ఆ రోడ్డు మీద కూర్చున్నవాళ్ల కోసమే కదా ఇదంతా.

మేస్త్రి ఆమెను తిట్టలేదు. నడుముకు మిగిలిన ఆకు దండ ముడి విప్పి మొత్తం తీశాడు. తన భుజం మీది పాత తుండు గోడవారన నేల మీద పరిచి, ఆకు దులిపి పరిచాడు. "పండబెట్టమ్మా," అన్నాడు. ఆమె పడుకోబెట్టింది. బిడ్డ ఏడుపు ఆపి, పైన నల్లటి ముఖాన్ని చూస్తూ ఉండిపోయింది.

ఇక ఆయన ఒంటిమీద బొగ్గూ, గోచీ తప్ప ఏమీ లేవు. గుడికి పోవలసిన వేళ అయింది. వాళ్లమ్మ మొక్కుకున్నప్పటి నుంచీ ఒక్క ఏడూ తప్పని మొక్కు. ఆ రోడ్డులో వేపాకు మిగిలింది మొక్కల మీదే.

"ఒక్క రెమ్మ తెంచుకో మేస్త్రీ," అన్నాను. "నువ్వు తెంచితే అమ్మ ఏమీ అనుకోదు."

"తెంచుకో అబ్బా," అంది అక్క. ఆమె గొంతులో ఎగతాళి లేదు. "ఒక్క రెమ్మే కదా."

ఆయన దగ్గరి మొక్క వైపు పోయాడు. చేయి చాచి లేత రెమ్మను పట్టుకున్నాడు. పిల్ల గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తినట్టు పట్టుకున్నాడు. ఎంతసేపు అలా ఉన్నాడో చెప్పలేను. తరువాత వదిలేశాడు. వేళ్ల బొగ్గు ఆకు మీద అంటింది.

"పొద్దన్నించీ ఇంతమందిని తిట్టినా. ఇప్పుడు నేను తెంచితే నన్ను తిట్టేవాడు యాడుండాడు?" అన్నాడు.

బోడి ఒంటితోనే జనంలోకి నడిచాడు. దారి ఇచ్చినవాళ్లు అది ఏం వేషమో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు.

మరునాడు చెవుల వెనక బొగ్గు మరకలతో పనికి వచ్చాడు. అక్క ఉండబట్టలేక అడిగింది.

"అమ్మ ఏమనిందబ్బా?"

"ఏమంటాది? ఆకు యాడరా అనింది. రోడ్డు మింద ఉండాది, వొచ్చి సూసుకో తల్లీ అన్నా."

మొక్కలన్నీ నిలిచాయా అంటే లేదు. బస్సులు ఆగే చివర, ఆయన గొంతు అందని చోట, కొన్నిటిని పుల్లలు చేసి పోయారు. వాటిలో కొన్ని చిగిర్చాయి, కొన్ని ఎండాయి. ఆషాఢంలో మొదటి వాన పడ్డాక పైవాళ్లు జీపులో వచ్చి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. ఆఫీసరు వాళ్ల వెనక, మేం ఆయన వెనక. ఒకాయన ఒక వేప ముందు ఆగి, ఇంత ఎండలో ఎట్లా బతికించారయ్యా అన్నాడు. బంకుల మాట మళ్లీ రాలేదు. పోయిన మొక్కల తావుల్లో మరుసటి ఏడు కానుగ, నేరేడు నాటాం. అవి ఆ పాటికి ఎదిగి ఉన్నాయి. ఏ పురుగు ఏ దేశం నుంచి వచ్చినా ఇక రోడ్డంతా ఒక్క పూటలో తినలేదని ఆఫీసరు సంబరపడ్డాడు. జాతరలో పోయిన మొక్కలే ఆయన కోరిన కలగలుపు తెచ్చిపెట్టాయి. అక్క మాత్రం, ఇన్ని చెట్లు పెట్టి నా మేకలకు ఒక్కటీ పెట్టలేదు గదా అని పని మానేదాకా సణుగుతూనే ఉంది.

మేస్త్రి లేడిప్పుడు. ఆ వేపలు మేడలు దాటాయి. కింద మూటలు, మూడు రాళ్ల పొయ్యిలు, లోపలి కబురు కోసం చూసే ముఖాలు ఎప్పుడూ ఉంటాయి. తోటి వేషం రోజున నేను ఓపిక ఉన్నంతసేపు అక్కడ కూర్చుంటాను. పోయిన జాతరలో ఒక పిల్లవాడు, నాకు మనవడి వయసువాడు, ఒంటికి బొగ్గు పూసుకుని దోటితో వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"అవ్వా, ఈ సెట్టు ఆకు తెంచుకోవచ్చునా?"

తల ఎత్తి చూశాను. కొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నా కళ్లకు అందలేదు. ఎండ కూడా కిందికి దిగడానికి దారి వెతుక్కుంటోంది.

"తెంచుకో నాయనా," అన్నాను. "నీకు ఎంత కావాలంటే అంత తెంచుకో. ఇంగ దానికి తెలీదు."